పెద్ద వస్తువుల పొరల ముద్రణ: కంప్యూటరు లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును?

2015వ సంవత్సరమున నెదర్లాండ్సు దేశపు ఆమ్‌స్టర్‌డాం నగరము నుండి వెలువడిన ఒక బొమ్మ ప్రపంచమందలి పత్రికలకు ఎక్కినది. కాలువ గట్టున నిలిచిన రోబో ఒకటి ఉక్కు తీగను కరిగించి, తన ముందు తానే వంతెనను అల్లుకొనుచు, దానిపైననే నడచి ఆవలి గట్టునకు సాగిపోవుచున్నట్లు కంప్యూటరుపై గీచిన బొమ్మ అది. ఎం.ఎక్స్.త్రీ.డి. అను సంస్థ తలపెట్టిన ఈ వంతెనకు రూపకర్త యోరిస్ లార్మాన్. ఆరు సంవత్సరముల పిమ్మట, 2021 జులై 15వ తేదీన, నెదర్లాండ్సు రాణి మాక్సిమా ఆ వంతెనను ప్రారంభించినది. జనులు దానిపై నడచిరి. కాని అది కాలువపై గాలిలో అల్లిన వంతెన కాదు. కార్ఖానా లోపల రోబోలచే పొరలు పొరలుగా పేర్పించి, 2018 నాటికి ముగించి, తరువాత మోసికొని వచ్చి గట్టులపై నిలిపిన వంతెన.

మొదటి ఆలోచన మారుటలో తప్పేమియు లేదు. అన్ని నిర్మాణములలోను అది జరుగునదే. గమనింపదగినది వేరొకటి కలదు. 2015 నాటి బొమ్మ కేవలము చిత్రము. దానిలోని ఉక్కునకు బరువు లేదు, వేడి లేదు, చల్లారినపుడు ముడుచుకొను గుణము లేదు. అదే కంప్యూటరు తెరపై, అవే రంగులతో, భౌతిక సూత్రముల ననుసరించి వేసిన లెక్క కూడ బొమ్మగానే కనబడును. మొదటిది చిత్రము, రెండవది అనుకరణ. చూచువానికి రెండును ఒకే తీరున ఉండును. పెద్ద వస్తువుల ముద్రణను గూర్చి పత్రికలలో వచ్చుచున్న వ్రాతలలో పలుమారు ఈ రెండింటికిని నడుమ గల గీత చెరిగిపోవుచున్నది. అనుకరణలలో కూడ దేనిని ఎంత నమ్మవలెనో వివరించి చెప్పువారు తక్కువ.

త్రీ-డీ ప్రింటింగు అను మాట ఇప్పుడు పాఠశాల విద్యార్థులకు క్రొత్త కాదు. జంతికల గొట్టము నుండి పిండి దిగినట్లు, వేడి గొట్టపు మూతి నుండి మెత్తని ప్లాస్టిక్కు దిగును. యంత్రము ఆ మూతిని గీసిన దారి వెంట త్రిప్పును. ఒక పొర ముగిసిన పిమ్మట దానిపై ఇంకొకటి. బల్లపై నుంచు చిన్న యంత్రములలో పొర మందము 0.2 మిల్లీమీటరు ఉండును. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల, సిన్సినాటి ఇన్‌కార్పొరేటెడ్ అను యంత్ర నిర్మాణ సంస్థతో కలిసి రూపొందించిన పెద్ద యంత్రములో అది సుమారు 4 మిల్లీమీటర్లు. 2014 సెప్టెంబరులో చికాగో నగరపు యంత్ర ప్రదర్శనలో ఇట్టి యంత్రముతో, చూపరుల ఎదుట, 'స్ట్రాటీ' అను కారు దేహమును 44 గంటలలో ముద్రించిరి. వాడినది ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కు, దానిలో కార్బను నారల ముక్కలను కలిపిరి. నారలు కలిపినందున చల్లారునపుడు వస్తువు వంకరపోవుట చాలవరకు తగ్గును.

చిన్న యంత్రమును ఇరువది రెట్లు పెంచినచో పెద్ద యంత్రము వచ్చుననుకొనుట పొరపాటు. పదార్థములో వేడి సర్దుకొనుటకు పట్టు కాలము మందమును బట్టి గాక, మందము యొక్క వర్గమును బట్టి పెరుగును. మందము వర్గమును, ఆ పదార్థపు ఉష్ణ విసరణ గుణకముతో భాగించిన యెడల ఆ కాలము ఇంచుమించుగా తెలియును. ప్లాస్టిక్కునకు ఆ గుణకము సెకనుకు సుమారు 0.1 చదరపు మిల్లీమీటరు. 0.2 మి.మీ. పొరకు 0.04ను 0.1తో భాగింపగా 0.4 సెకను వచ్చును. 4 మి.మీ. పొరకు 16ను 0.1తో భాగింపగా 160 సెకనులు. మందము 20 రెట్లయినది. కాలము 400 రెట్లయినది. చిన్న యంత్రము ఎన్నడును ఎరుగని చిక్కులు పెద్ద యంత్రమునకు ఇక్కడనే మొదలగును.

పల్లెలలో మట్టిగోడ పెట్టువారికి ఈ చిక్కు చిరపరిచితము. క్రింది వరుస ఆరక ముందే పై వరుస వేసినచో గోడ జారును. మరీ ఎండిన పిమ్మట వేసినచో రెండు వరుసలును అతుకవు. అందుకే ఎండిన వరుసను నీటితో తడిపి పై వరుస వేయుదురు. ప్లాస్టిక్కులో నీటి స్థానమున వేడి ఉన్నది. వస్తువు చిన్నదైనచో గొట్టపు మూతి త్వరగా చుట్టి వచ్చును, క్రింది పొర ఇంకను మెత్తగా ఉండి కూలును. వస్తువు పెద్దదైనచో మూతి తిరిగి వచ్చుసరికి క్రింది పొర చల్లారి ఉండును. అతుకు బలహీనమై, ముడుత వలన పుట్టిన లాగుడుకు ఆగలేక, పొరల నడుమ పగులు విచ్చును. పగిలిన దానిని సరిచేయు ఉపాయము లేదు. పదుల గంటల పని, వందల కిలోల సరుకు వ్యర్థమగును. ముద్రణకు ముందే లెక్క వేయవలెనను కోరిక ఇందుండి పుట్టినది. అది న్యాయమైన కోరికయే.

ఆ కోరికను తీర్చిన లెక్కలలో బ్రెట్ కాంప్టన్, ఆయన సహచరులు 2017లో ప్రచురించినది పేర్కొనదగినది. వారు పలుచని గోడలను ముద్రించి, పరారుణ కెమెరాతో ప్రతి పొర ఎట్లు చల్లారుచున్నదో చిత్రించిరి. తరువాత లెక్క వేసిరి. లెక్క మిక్కిలి సాదాది: గోడను నిలువున ఒక గీతగా భావించి, వేడి క్రిందికి ఎంత పోవును, గాలికి ఎంత పోవును, కాంతి రూపమున ఎంత పోవును అని మాత్రమే చూచునది. పొడవు, వెడల్పు దిక్కుల జోలికి పోలేదు. ఇంత సాదా లెక్క వారిని పనికివచ్చు ఫలితమునకు చేర్చినది. క్రొత్త పొర పడు క్షణమున క్రింది పొర ఎంత వేడిగా ఉన్నదో దానిని బట్టి పగులు వచ్చుటయు రాకుండుటయు చాలవరకు నిర్ణయమగును. ఆ వేడి ప్లాస్టిక్కు మెత్తబడు ఉష్ణోగ్రతకు, అనగా సుమారు 105 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు పోరాదు.

ఈ లెక్కలో మెచ్చదగినది దాని నిరాడంబరత మాత్రమే కాదు. అది తప్పు అని తేలుటకు అవకాశమిచ్చిన లెక్క. కెమెరా ఒక అంకె చెప్పును, లెక్క ఒక అంకె చెప్పును. రెండును ఎదురెదురుగా నిలుచును. గోడను ముద్రించి చూచినచో పగులు ఉన్నదో లేదో కంటికే తెలియును. ఒక దిక్కున సాగిన ఈ చిన్న లెక్క, మూడు దిక్కులలో ఇంద్రధనుస్సు రంగులతో వచ్చు అనేక పెద్ద లెక్కల కంటె శాస్త్రమునకు దగ్గరగా ఉన్నది.

పెద్ద లెక్కలపై ఫిర్యాదు ఏమనగా, వానిలో కొన్ని సంఖ్యలు ముందుగా తెలియవు. వేడి వస్తువు నుండి గాలికి పోవు వేడి ఎంత? ఆ గది గాలి కదలికను బట్టి అది మారును. కిటికీ తెరచినను మారును. పొరకును పొరకును అతుకు ఎంత గట్టిది? నారలు ఏ దిక్కునకు తిరిగి ఉన్నవి? ఇట్టివి తెలియనపుడు లెక్క వేయువారు ఒక ప్రయోగము చేసి, దాని ఫలితముతో తమ లెక్క కలియు వరకు ఆ సంఖ్యలను సవరింతురు. ఇంతవరకు దోషము లేదు. పిమ్మట అదే ప్రయోగపు గీతను, లెక్క గీతను ప్రక్కప్రక్కన అచ్చువేసి, 'లెక్క ప్రయోగముతో చక్కగా సరిపోయినది' అని వ్రాసినపుడే దోషము. సరిపోకేమి చేయును? సరిపోవునట్లుగా చేసినదే గదా! పుస్తకము చివర నున్న జవాబును చూచి, దాని నుండి వెనుకకు నడచి లెక్క చేసిన విద్యార్థిని ఉపాధ్యాయులు ఇట్టే గుర్తుపట్టుదురు. ఆ విద్యార్థికి లెక్క వచ్చునో రాదో తెలియుటకు ఒకటే దారి: జవాబు లేని ఇంకొక లెక్క ఇచ్చుట.

ఇక పరిమాణపు చిక్కు ఎంతటిదో ఆమ్‌స్టర్‌డాం వంతెనతోనే చూడవచ్చును. దానిలో సుమారు నాలుగున్నర టన్నుల స్టెయిన్‌లెస్ స్టీలు కలదు. పొడవు సుమారు 12 మీటర్లు. రోబో చేతికి వెల్డింగు మూతిని తగిలించి, కరిగిన తీగను బొట్టు బొట్టుగా, వరుస వరుసగా పేర్చిరి. ముద్రణకు ఆరు నెలలు పట్టినది. ఈ ఉక్కును మిల్లీమీటరు భుజము గల ఘనములుగా విభజించి, ప్రతి ఘనము యొక్క ఉష్ణోగ్రతను కంప్యూటరుచే లెక్కింపజూచిరనుకొందము. ఉక్కు సాంద్రతను బట్టి ఘనముల సంఖ్య 57 కోట్లు. అతి సాదా పద్ధతిలో లెక్క అదుపు తప్పకుండుటకు, ఒక్కొక్క అడుగునకు కాలము, భుజము వర్గమును ఉష్ణ విసరణ గుణకమునకు ఆరు రెట్లతో భాగింపగా వచ్చు దానిని మించరాదు. ఈ ఉక్కునకు ఆ గుణకము సెకనుకు సుమారు 4 చదరపు మిల్లీమీటర్లు. కాబట్టి అడుగు 0.04 సెకను. ఆరు నెలలలో మూడవ వంతు కాలమే రోబో పని చేసినదని అనుకొన్నను అడుగులు 13 కోట్లు. సెకనుకు 100 కోట్ల ఘనములను సవరింపగల యంత్రమునకు రెండు సంవత్సరములకు పైగా పట్టును. వంతెన ఆరు నెలలలో పూర్తియైనది. లెక్క రెండేండ్లలో పూర్తికాలేదు!

ఘనము భుజమును సగము చేసినచో ఏమగునో ఉన్నత పాఠశాల విద్యార్థులు తామే తేల్చుకొనగలరు. ఘనములు 8 రెట్లు, అడుగులు 4 రెట్లు, మొత్తము పని 32 రెట్లు. వెల్డింగు మూతి క్రింద కరిగిన లోహపు గుంట కొలది మిల్లీమీటర్లదే కాబట్టి, దాని లోపలి సంగతి తెలియవలెనన్నచో ఇంతకంటె సన్నని ఘనములే కావలెను. పైగా ఇదంతయు వేడి లెక్క మాత్రమే. లోహము ముడుచుకొనుట వలన పుట్టు లోపలి ఒత్తిళ్ల లెక్క దీనికంటె బరువైనది.

ఇంజనీర్లు ఇంత మొరటుగా లెక్క వేయరను మాట నిజమే. వేడిగా నున్న చోట సన్నని ఘనములను, చల్లని చోట పెద్ద ఘనములను వాడుదురు. పది ఇరువది పొరలను కలిపి ఒకే పొరగా, ఒకేసారి పడినట్లుగా భావింతురు. ఇంకొక ఉపాయము వెల్డింగు శాస్త్రము నుండి వచ్చినది: ఒసాకా విశ్వవిద్యాలయమునకు చెందిన యుకియో ఉయెదా 1970లలో అభివృద్ధి చేసిన పద్ధతి. చిన్న తునక చల్లారినపుడు ఎంత శాశ్వతముగా ముడుచుకొనునో ముందు తెలిసికొని, ఆ ముడుతను పెద్ద వస్తువులోని ప్రతి భాగమునకు అంటగట్టి, వస్తువంతయు ఎట్లు వంగునో లెక్కింతురు. కాలముతో పని లేదు గనుక నెలల లెక్క గంటలలోనికి వచ్చును.

ఉపాయము తెలివైనదే. కాని దానిలో ఒక ఊహ దాగి ఉన్నది: చిన్న తునక ఎట్లు చల్లారినదో పెద్ద వస్తువులోని ప్రతి భాగము అట్లే చల్లారునని. పెద్ద వస్తువులో ఇది నిలుచునా? మొదటి వరుస చల్లని పీఠముపై పడును. నూరవ వరుస తన క్రింది తొంబది తొమ్మిది వరుసల వేడిపై పడును. మధ్యాహ్న భోజనమునకు పని ఆపినచో ఆ తరువాతి వరుస చల్లని ఉక్కుపై పడును. వస్తువు పెరిగిన కొలది ఈ తేడాలు పెరుగును. ఏ పరిమాణములో ఈ సులువు మార్గము ఎక్కువ అవసరమో, ఆ పరిమాణములోనే దాని ఆధారపు ఊహ ఎక్కువ సడలును. ఈ సంగతిని విస్పష్టముగా వ్రాయు వ్యాసములు ఉన్నవి. ముగింపులో ఒక్క వాక్యముతో దాటవేయునవియు ఉన్నవి.

వంతెన కట్టినవారు ఏమి చేసిరి? ఇక్కడ వారిని మెచ్చుకొనవలెను. వారు లెక్కను మానలేదు; లెక్కకు దాసులును కాలేదు. నిర్మాణపు లెక్కలు అరూప్ అను ఇంజనీరింగు సంస్థవి. ముద్రించిన ఉక్కును లండనులోని ఇంపీరియల్ కళాశాలలో లెరోయ్ గార్డ్‌నర్ బృందము పరీక్షించినది. ముద్రించిన పలకల నుండి వరుసల వెంబడి ఒక ముక్క, వరుసలకు అడ్డముగా ఒక ముక్క, 45 డిగ్రీల వాలుగా ఒక ముక్క కోసి లాగి చూడగా, మూడును ఒకే తీరుగా సాగలేదు. వాలుగా కోసినది అన్నింటికంటె బిగువుగా నున్నది. పట్టికలలో మామూలు ఉక్కునకు ఒకే అంకె ఉండును. ఆ అంకెను నమ్మి కంప్యూటరునకు ఇచ్చి ఉన్నచో, కంప్యూటరు ఏ సందేహమును లేకుండ, ఆరు దశాంశ స్థానముల వరకు, వేరొక వంతెన జవాబును ఇచ్చి ఉండెడిది. ముద్రించిన ఉపరితలము నునుపుగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉండును. మందము చోటు చోటునకు మారును. అందుచే దానిని కూడ కొలిచిరి. తుదకు వంతెనపై భారము మోపి, ఎంత వంగినదో చూచి, లెక్కతో పోల్చిరి. నగరములో ఉంచుటకు రెండు సంవత్సరముల అనుమతి లభించినది ఇన్ని కొలతల తరువాతనే.

వంతెనకు వంగుదలను, కంపనములను, ఉష్ణోగ్రతను కొలుచు సాధనములను కూడ అమర్చిరి. ఆ కొలతలు అలన్ ట్యూరింగు సంస్థకు చెందిన పరిశోధకులు తోడ్పడగా తయారైన కంప్యూటరు నమూనాకు చేరుచుండెను. ఈ నమూనాకు పెట్టిన పేరు 'డిజిటల్ ట్విన్', అనగా అంకెల కవల. పని మంచిది, పేరు మాత్రము అతిశయోక్తి. కవలలలో ఒకనికి తెలియక రెండవవానికి ఏమియు జరుగదని కథలలో చెప్పుదురు. ఇక్కడ సాధనము అమర్చిన చోట జరిగినదే నమూనాకు తెలియును. సాధనము లేని మూల పుట్టిన సన్నని పగులు ఈ కవలను మేలుకొల్పదు. వైద్యుడు రోగి మణికట్టు పట్టుకొని ప్రాణస్థితిని ఊహించును గాని, ఆ నాడినే రోగికి కవల అని పిలువడు.

జవాబు తెలియని లెక్కనిచ్చి చూచుట అను మాట పైన వచ్చినది. అది జరుగుచున్నది కూడ. అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థ 2018లో 'ఎ.ఎం. బెంచ్' అను పరీక్షను మొదలిడినది. సంస్థవారు వస్తువును ముద్రించి, కొలతలు తీసికొని దాచుదురు. ముద్రణ వివరములను మాత్రము ప్రకటింతురు. లోకములో ఎవరైనను తమ లెక్కను ముందుగా పంపవలెను. ఆ తరువాతనే కొలతలు వెల్లడియగును. మొదటి పరీక్షలోని ఒక వస్తువు 75 మిల్లీమీటర్ల పొడవు గల చిన్న లోహపు వంతెన. పీఠము నుండి కోసినపుడు దాని కొన ఎంత పైకి లేచునో చెప్పుడని అడిగిరి. సరిపెట్టుకొనుటకు చేతిలో అంకె లేనపుడు లెక్క నిజబలము బయటపడును. ఈ వస్తువు అరచేతిలో ఇమిడిపోవును. దానికిని 12 మీటర్ల వంతెనకును పొడవులో 160 రెట్ల తేడా కలదు. కారు దేహమంతటి వస్తువునకు ఇట్టి పరీక్ష జరుపుట ఖర్చుతో కూడినదే. ఐనను, పెద్ద వస్తువుల లెక్కలను అమ్మకపు సరుకుగా ప్రకటించువారు ఆ ఖర్చును తప్పించుకొనరాదు.

కాంక్రీటు ముద్రణలో ప్రశ్న ఇంకొక రూపమున వచ్చును. ఇక్కడ పొర చల్లారుట గాక గట్టిపడుట ముఖ్యము. పచ్చి గోడ రెండు విధముల పడిపోవును: అడుగు పొర పై భారమునకు నలిగిపోవుట యొకటి, గోడ మొత్తము ప్రక్కకు వంగి ఒరుగుట యొకటి. నెదర్లాండ్సులోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఆకె సయికర్ 2018లో ఈ రెండింటిలో ఏది ముందు వచ్చునో తెలుపు సమీకరణములను ఇచ్చినాడు. ఇదియు కాగితముపై వ్రాయదగిన లెక్కయే. పచ్చి గోడను ముద్రించుచు పోయి, ఏ ఎత్తున ఒరిగినదో చూచి సరిచూడదగినదే.

తెలంగాణలోని సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో 2023లో అప్సుజా ఇన్‌ఫ్రాటెక్, సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ అను సంస్థలు కాంక్రీటు ముద్రణతో దేవాలయమును నిర్మించినవి. అదే ఆవరణలో పాదచారుల వంతెన నొకదానిని ఐ.ఐ.టి. హైదరాబాదు పరిశోధకుల రూపకల్పనతో సింప్లిఫోర్జ్ ముద్రించినది. అక్కడను జనులను నడువనిచ్చుటకు ముందు భారము మోపి పరీక్షించిరి.

పరీక్షకు ముందే జవాబు వ్రాయుట ఎట్టిదో తరగతి గదిలో చూపుటకు రోబో అక్కరలేదు. నాలుగు కొవ్వొత్తులు, వేడినీటి గిన్నెలో ఉంచిన ఒక రేకు డబ్బా, కాగితము పరచిన కొన్ని అగ్గిపెట్టె అరలు చాలును. ఉపాధ్యాయుని సమక్షమున మైనమును కరిగించి, ప్రతి అరలో అరంగుళములో సగము ఎత్తున పోయవలెను. మొదటి దానిలో ఒక నిమిషము, రెండవ దానిలో ఐదు నిమిషములు, మూడవ దానిలో ఇరువది నిమిషములు ఆగి రెండవ పొర పోయవలెను. పూర్తిగా చల్లారిన పిమ్మట అరల నుండి తీసి, ఒక్కొక్క దానిని బల్ల అంచున అదిమిపట్టి, కొనకు చిన్న బరువులను వ్రేలాడదీయుచు, పొరలు విడిపోవునో, ముక్క అడ్డముగా విరుగునో, ఎంత బరువునకో గుర్తింపవలెను. ఒక్క నియమము: మొదటి బరువు వ్రేలాడదీయక ముందే ప్రతి విద్యార్థియు తన మూడు అంకెలను కాగితముపై వ్రాసి, మడిచి, ఉపాధ్యాయునికి ఇచ్చివేయవలెను.